మెడ వంగని ఊళ్లో చెవిలోపలి లెక్క

చెన్నైలో పైచదువు చదివే రోజుల్లో నా పనంతా అర మిల్లీమీటరు వెడల్పు కూడా లేని గొట్టంలో నీరు ఎలా కదులుతుందో లెక్కగట్టడం. మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి, ద్రవాల కదలిక మీద పరిశోధనకు చేరాను. తోటివాళ్లకు టర్బైన్లు, పంపులు, ఆనకట్ట గేట్లు వచ్చాయి. మా ప్రొఫెసరు గారు నాకు చెవి ఇచ్చారు. చెవి అనగానే వినికిడే గుర్తొస్తుంది గానీ, దానికి ఆనుకునే, పుర్రెలోని గట్టి ఎముక లోపల, మనిషిని తూలకుండా నిలబెట్టే భాగం ఒకటుంది. నాకు అప్పగించింది అదే.

అందులో మూడు అర్ధవృత్తపు నాళాలుంటాయి. మూడూ ఒకదానికొకటి దాదాపు లంబంగా అమరి ఉంటాయి. ఒక్కో చుట్టు అడ్డకొలత ఆరు మిల్లీమీటర్లకు అటూ ఇటూ. లోపలి దారి వెడల్పు 0.3 మిల్లీమీటర్లు. దాన్నిండా ఎండోలింఫ్ అనే నీరు. నాళం ఒక చివర కాస్త ఉబ్బుగా ఉంటుంది. ఆ ఉబ్బులో దారికి అడ్డంగా, ముంజెలా మెత్తగా తేటగా ఉండే తెర పేరు కుపులా. తల తిప్పితే ఎముక తలతో పాటే తిరుగుతుంది, లోపలి నీరు వెనకబడుతుంది. ఆ వెనకబాటుకు తెర వంగుతుంది. తెర మొదట్లో ఉన్న రోమకణాలు ఆ వంపును నరానికి అందిస్తాయి. తల కదిలిన సెకనులో వందో వంతు గడిచేసరికి కళ్లు ఎదురు దిక్కుకు కదిలి చూపును నిలబెడతాయి. నడుస్తూ నడుస్తూ బస్సు బోర్డు చదవగలుగుతున్నామంటే ఈ ఏర్పాటు వల్లే. నాళాల పక్కనే రెండు చిన్న సంచులున్నాయి. వాటిలో కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు జిగురు పొర మీద పరుచుకుని ఉంటాయి. భూమి ఎటు లాగుతోందో, మనిషి ఎటు ఒరిగాడో చెప్పేవి ఆ స్ఫటికాలు.

ఈ యంత్రాంగాన్ని సమీకరణంగా మార్చినవాడు జర్మన్ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ స్టెయిన్‌హౌసెన్. పైక్ అనే చేప చెవి నాళంలోకి సిరా ఎక్కించి, కుపులా వంగడాన్ని కళ్లారా చూశాడు. నీటి జడత్వం, నీటి జిగట, తెర బిగువు అనే మూడు సంగతులతో, మెలితిరిగే లోలకానికి రాసే సమీకరణమే దీనికీ సరిపోతుందని 1933లో చూపించాడు. నేను మొదట కంప్యూటర్‌కు ఎక్కించింది ఆ సమీకరణాన్నే. మనిషి ఒకే వేగంతో తిరుగుతూనే ఉంటే, వంగిన తెర నాలుగైదు సెకన్ల కాలమానంతో తన చోటికి వచ్చేస్తుంది. మెదడు ఆ కబురును కొంచెం పట్టి ఉంచి పదిహేను, ఇరవై సెకన్లకు సాగదీస్తుంది. ఆపైన తిరుగుతున్నా తిరుగుతున్నట్టు తెలియదు. ఆగిన క్షణాన నీరు ముందుకే పోయి తెర అవతలికి వంగుతుంది, నిలబడ్డ మనిషికి నేల ఎదురు తిరుగుతుంది.

మా ఊరు హనుమంతునిపాడు బడి ఆవరణలో ఆడపిల్లలు ఒప్పులకుప్ప తిరిగి, ఆగి, ఒకరి మీద ఒకరు పడి నవ్వడం చూస్తూ పెరిగినవాణ్ణి. ఆ తూలుడు మొత్తం ఒక వంపుగీతగా నా కంప్యూటర్ తెర మీద మొదటిసారి వచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చిన్నప్పటి నుంచి ఎరిగిన సంగతికి కారణం ఇంత తేటగా ఉంటుందని అప్పటిదాకా అనుకోలేదు.

తర్వాత అసలు పని మొదలైంది. నాళాన్ని వేల చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కలో పీడనం ఎంత, నీరు ఎటు పోతోంది అని సెకనులో వెయ్యో వంతు చొప్పున కాలాన్ని జరుపుకుంటూ లెక్కించడమే కంప్యూటర్ మోడలింగ్ అంటే. బతికున్న మనిషి చెవిని తెరిచి ఇవి చూడలేం. సీటీ స్కానులో ఎముక దారి కనబడుతుంది, ఎంఆర్ఐలో నీరున్న చోటు కనబడుతుంది, తెర వంగడం మాత్రం రెండింట్లోనూ కనబడదు. లోపలికి వెళ్లడానికి లెక్కే దారి. ఆ లెక్క తప్పో ఒప్పో చెప్పే సాక్షి బయటే ఉంది, మనిషి కంట్లో. తెర వంగితే కన్ను కదిలి తీరాలి. మోడల్ చెప్పిన క్షణంలో, చెప్పిన దిక్కుకు కన్ను కదిలితే లెక్క నిలిచినట్టు.

మా ప్రొఫెసరు గారు నాకిచ్చిన ప్రశ్న స్ఫటికాల గురించి. వయసు మీద పడ్డప్పుడో తలకు దెబ్బ తగిలినప్పుడో సంచిలోని స్ఫటికాలు కొన్ని ఊడి, నాళాల్లోకి జారతాయి. ఎక్కువసార్లు వెనక నాళంలోకే పోతాయి. ఆ మనిషి పడుకున్నా, పక్క మీద ఒత్తిగిలినా, తలెత్తి అటక మీదికి చూసినా లోకం గిర్రున తిరుగుతుంది. నిమిషం లోపే ఆగుతుంది. మళ్లీ కదిలితే మళ్లీ వస్తుంది. వైద్యులు బీపీపీవీ అంటారు. దీన్ని 1921లో వర్ణించినవాడు రాబర్ట్ బారనీ. చెవిలో చల్లని నీళ్లు పోస్తే కళ్లు ఒక పక్కకు, వెచ్చని నీళ్లు పోస్తే ఇంకో పక్కకు కొట్టుకుంటాయని వియన్నాలో గమనించి, అందులోంచి చెవి పరీక్షనే నిర్మించినవాడు. 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి తనకు వచ్చిందన్న వార్త అందేనాటికి ఆయన రష్యాలో యుద్ధఖైదీ. 1952లో లండన్‌లో డిక్స్, హాల్‌పైక్ ఈ జబ్బును పట్టే పరీక్షను స్థిరపరిచారు. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో జాన్ ఎప్లీ, స్ఫటికాలను వచ్చిన దారినే బయటికి దొర్లించవచ్చని, తలను వరుసగా కొన్ని భంగిమల్లో తిప్పితే చాలునని చెప్పాడు. 1980లో ఆయన ఆ మాట చెప్పినప్పుడు తోటి వైద్యులు నమ్మలేదు. ఆ పద్ధతి వ్యాసంగా అచ్చులోకి రావడానికి 1992 దాకా పట్టింది.

2004లో టాడ్ స్క్వైర్స్, తిమోతీ హెయిన్, హొవార్డ్ స్టోన్ తదితరులు ఈ స్ఫటికాల పతనానికి గణితం రాశారు. అదే ఏడాది యూటా విశ్వవిద్యాలయం నుంచి సుహృద్ రాజ్‌గురు, రిచర్డ్ రాబిట్ బృందం మూడు కొలతల మోడల్ ప్రకటించింది. ఈ రెండు వ్యాసాలూ అంచులు నలిగిపోయేదాకా నా బల్ల మీదే ఉండేవి. పడుకున్న వెంటనే కాకుండా కొన్ని సెకన్లు ఆగి తల తిరగడం ఎందుకు మొదలవుతుందో వాటిలో ఉంది. స్ఫటికాలు మొదట నాళం ఉబ్బులో కదులుతాయి. అక్కడ దారి వెడల్పు కాబట్టి తెర మీద ఒత్తిడి పడదు. సన్నని దారిలోకి దిగాకే అవి నీటిని నెడతాయి, తెర వంగుతుంది. ఆ సెకన్ల ఆలస్యం దారి వెడల్పులో పుట్టింది.

నేను చేసిన లెక్కల్లో అన్నిటికన్నా చిన్నది చివరికి అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది. పదిహేను మైక్రోమీటర్ల స్ఫటికం, నీటికి 2.7 రెట్ల సాంద్రత. అది నీటి జిగటకు ఎదురుగా సెకనుకు 0.2 మిల్లీమీటర్ల చొప్పున కిందికి దిగుతుంది. నాళం చుట్టుకొలత ఇరవై మిల్లీమీటర్లు. అంటే సెకనుకు చుట్టులో నూరో వంతు. చుట్టులో మూడో వంతు దాటాలంటే అర నిమిషం పైన కావాలి. ఎప్లీ పద్ధతిలో ఒక్కో భంగిమలో అర నిమిషం ఆగమని ఎందుకంటారో కాగితం మీద నాలుగు వరుసల్లో తేలింది.

అలాంటి రోజుల్లో సంక్రాంతికి ఊరికి వచ్చాను.

మా వైపు హనుమంతునిపాడును హెచ్ఎం పాడు అంటేనే తొందరగా తెలుస్తుంది. కనిగిరిలో బస్సు మారాలి. వెలిగొండల ఇవతలి మెట్టనేల, వాన తక్కువ. కంది, సజ్జ, జొన్న. చెరువు నిండని ఏడు బోరు నీళ్లే గతి, ఆ నీళ్లలో ఫ్లోరైడు. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశపు ప్రమాణం. ఆ గీత దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగిన ఊళ్లు కనిగిరి చుట్టూ ఎన్నో. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా ఈ కనిగిరి తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. ఎముకలను పట్టే ఫ్లోరోసిస్ గురించి షార్ట్ బృందం 1937లో వైద్య పత్రికలో రాసింది ఆ నెల్లూరు జిల్లా మనుషుల గురించే. ఫ్లోరైడు మొదట పళ్ల మీద గోధుమరంగు చారలుగా కనబడుతుంది. ఆ తర్వాత వెన్ను బిగుస్తుంది. ఎముకల మధ్య సాగవలసిన స్నాయువులు గట్టిపడతాయి. పక్కనుంచి పిలిస్తే మెడ తిప్పకుండా ఒళ్లంతా తిప్పి చూసే పెద్దవాళ్లు మా వీధిలో ఇంటికొకరు ఉండేవారు. ముసలితనం అంటే అలాగే ఉంటుందని చిన్నప్పుడు అనుకునేవాళ్లం.

మా పెద్దమ్మ అలాంటి మనిషి. పొలంలో పొద్దంతా వంగి పనిచేసిన నడుం, అరవై దాటేసరికి మెడ వెనక్కి వంగదు. ఆ సంక్రాంతికి వెళ్లేసరికి ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, పక్కన దుప్పటి మడత. రాత్రుళ్లు కూడా అలాగే కూర్చుని నిద్రపోతోందని అమ్మ చెప్పింది.

"ఏం పెద్దమ్మా, పడుకోవచ్చు గదా?"

"పండుకుంటే ఇల్లంతా తిరగతాది నాయనా. కళ్లు మూసుకున్నా తిరగతానే ఉంటది. మంచం మీంచి యాడ పడిపోతానో అని బయం."

ఊళ్లో అందరూ తలో మాట చెప్పారు. పైత్యమన్నారు, నిమ్మకాయ నీళ్లు తాగించారు. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు. ఒకచోట గ్లూకోజు ఎక్కించారు. ఇంకోచోట మెడ ఎముకలు అరిగాయని పట్టీ కట్టి, తల తిరగకుండా మాత్రలు రాసిచ్చారు. మాత్రలతో మత్తు వచ్చింది, తిరగడం ఆగలేదు. ఆమెకు అన్నిటికన్నా పెద్ద దిగులు పడిపోతానేమోనని. బిగుసుకుపోయిన ఎముక విరిగితే అతకడం కష్టమని మా ఊళ్లో అందరికీ తెలుసు.

"ఏ పక్కకు ఒత్తిగిలితే వస్తది పెద్దమ్మా?"

"కుడి పక్కకు. కొంచేపటికి అదే ఆగిపోతది."

"ఒత్తిగిలగానే వస్తదా, ఆగి వస్తదా?"

ఆమె కళ్లు చిట్లించి ఆలోచించింది. "ఆగే వస్తది. ఏం లేదులే అనుకునేలోపల పట్టుకుంటది."

ఏం లేదులే అనుకునేంత సేపు. నా మోడల్‌లో స్ఫటికాలు ఉబ్బు దాటి సన్నని దారిలోకి దిగేంత సేపు. అన్నాళ్లూ కంప్యూటర్ తెర మీద నల్లచుక్కలుగా చూసినవి మా పెద్దమ్మ కుడిచెవిలో ఉన్నాయని అప్పుడు తోచింది. తోచినంత మాత్రాన చాలదు, వైద్యుడు చూసి చెప్పాలి. పండగ మూడో నాడే ఒంగోలు ప్రయాణం కట్టాం.

ఒంగోలులో మేం కలిసిన ఈఎన్టీ డాక్టరు గారు నిదానస్తులు. మొదట బీపీ, షుగరు చూశారు. మాట తడబడుతోందా, ఒకటి రెండుగా కనబడుతోందా, చెయ్యి కాలు బలం తగ్గిందా, ఆసరా లేకుండా నిలబడగలదా అని ఒక్కొక్కటే పరీక్షించారు. పక్షవాతం కూడా తల తిరగడంతో మొదలవ్వచ్చు, ముందు అది కాదని తేల్చుకోవాలని నాతో చెప్పారు. ఆ తర్వాత మెడ ఎక్స్‌రే తీయించారు. తెల్లగా, చిక్కగా, వెన్నుపూసల అంచులు ఒకదానితో ఒకటి కలిసిపోయినట్టున్న ఆ ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి చాలాసేపు చూశారు.

"బీపీపీవీలాగే ఉంది. కానీ డిక్స్-హాల్‌పైక్ పరీక్ష చెయ్యాలంటే తల బల్ల అంచు దాటి వెనక్కి వేలాడాలి. ఎప్లీకీ అంతే. ఈ మెడను బలవంతాన వంచకూడదు. ఫ్లోరోసిస్‌లో వెన్నుపాము దారి ఇరుకైపోయి ఉంటుంది. నరాలు నొక్కుకుంటే కాళ్లు పడిపోతాయి" అన్నారు.

నేనేం చదువుతున్నానో అప్పుడు చెప్పాను. ఆయన ఆసక్తిగా విన్నారు. పక్కకు పడుకోబెట్టి చేసే పద్ధతి ఒకటుందని, ఫ్రాన్సుకు చెందిన అలాన్ సెమాంట్ 1988లో ప్రకటించాడని ఆయనే చెప్పారు. అందులో మెడ వెనక్కి వంగనక్కర్లేదు. ఎదుటి పక్కకు నలభై అయిదు డిగ్రీలు తిరిగితే చాలు. కానీ రెండు చిక్కులున్నాయి. పెద్దమ్మ మెడ అంత కూడా తిరగదు. రెండోది, ఆ పద్ధతిలో మనిషిని ఒక పక్క నుంచి రెండో పక్కకు వేగంగా తిప్పమంటారు. ఈ ఒంటితో వేగం కుదరదు.

"మీ లెక్కలో నెమ్మదిగా తిప్పితే ఏమవుతుందో చూసి చెప్పగలరా?" అని అడిగారు.

ఆ రాత్రి బస్టాండు దగ్గర లాడ్జిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. పెద్దమ్మ మంచం మీద గోడకు ఆనుకుని, అమ్మ భుజం మీద తల పెట్టుకుని కునుకు తీస్తోంది. కోడ్ తెరిచి, తల దిక్కును ఇచ్చే చోట అంకెలు మార్చబోతూ ఆగాను. నా మోడల్‌లో మెడ లేదు. ఎప్పుడూ లేదు. స్ఫటికానికి తెలిసింది నాళం భూమి లాగే దిక్కుకు ఏ కోణంలో ఉందన్నదొక్కటే. ఆ కోణం మెడ తిప్పడం వల్ల వచ్చిందా, నడుం తిప్పడం వల్ల వచ్చిందా, బల్ల వంచడం వల్ల వచ్చిందా అన్నది దానికి అక్కరలేదు. మెడ తిరగనంత మేర ఒళ్లు తిప్పితే సరి. భుజం వెనక దిండ్లు పెట్టి, మొత్తం మనిషిని కొంచెం వెల్లకిలా వైపు ఒరిగిస్తే ఆ నలభై అయిదు డిగ్రీలు నిండుతాయి. తల ఉన్న వైపు బల్లను కిందికి దించితే స్ఫటికానికి ఇంకా మంచి వాలు దొరుకుతుంది.

వేగం సంగతి కూడా చూశాను. అంత సన్నని దారిలో జిగటదే రాజ్యం, స్ఫటికపు జడత్వం లెక్కలోకి రానంత చిన్నది. విసురుగా తిప్పినంత మాత్రాన అది ఎగిరి ముందుకు పోదు. తిప్పే లోపల వెనక్కి జారిపోకూడదనేదే భయం. సెకనుకు 0.2 మిల్లీమీటర్లు దిగేది, తిప్పడానికి నాలుగు సెకన్లు తీసుకున్నా జారేది 0.8 మిల్లీమీటర్లు. ఇరవై మిల్లీమీటర్ల చుట్టులో అది పెద్ద నష్టం కాదు. వేగం తగ్గినా పని ఆగదు, ఆగే సమయం తగ్గితే ఆగుతుంది. ఒక్కో పక్కన నిమిషానికి పైన ఉంచడమే అసలు సంగతి. స్ఫటికం సైజు, నాళం వంపు, తల కోణం కొద్దికొద్దిగా మార్చుకుంటూ తెల్లవారేదాకా మళ్లీ మళ్లీ నడిపాను. ఎలా మార్చినా ఆ మాట మారలేదు.

పొద్దున డాక్టరు గారు ఆ గీతలన్నీ ఓపికగా చూశారు. "అయితే నెమ్మదిగానే చేద్దాం" అన్నారు.

తల వైపు దించగల బల్ల ఒకటి తెప్పించారు. పెద్దమ్మను అంచున కూర్చోబెట్టారు. కళ్లకు నల్లటి గాగుల్స్ పెట్టారు. లోపల చీకటి, ఇన్‌ఫ్రారెడ్ కెమెరా, కళ్లు మాత్రం పక్కనున్న తెర మీద పెద్దవిగా కనబడుతున్నాయి. మెడ తిరిగినంత ఎడమకు తిప్పి, మిగతాది ఒంటితో సర్ది, నర్సమ్మ భుజాలు పట్టుకోగా, నెమ్మదిగా కుడిపక్కకు వాల్చారు. వీపు వెనక దిండ్లు. ముక్కు పైకప్పు వైపు.

తెర మీద కన్ను కదలకుండా ఉంది. ఒకటి, రెండు, మూడు అని నేను లోపల లెక్కపెడుతున్నాను. అయిదో సెకనుకు కంటిపాప ఒక్కసారిగా నుదుటివైపు ఎగిరి, మెలితిరిగి, వెనక్కి జారి, మళ్లీ ఎగిరింది. పెద్దమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"తిరగతాంది నాయనా, తిరగతాంది."

"నేనున్నా పెద్దమ్మా. ఆగిపోతది. కళ్లు తెరిచే ఉంచు."

పన్నెండు, పదిహేను, ఇరవై. కన్ను ఎగరడం మెల్లగా చిన్నదైంది. అర నిమిషానికి నిలిచింది. నేను చెన్నైలో వందలసార్లు గీసిన వంపుగీత ఆకారం ఆ కంట్లో మొదటి నుంచి చివరి దాకా నడిచింది. మొదట నిశ్శబ్దం, తర్వాత ఉరవడి, తర్వాత తగ్గుదల. శాస్త్రం నిజమని పుస్తకంలో చదవడం వేరు, మన మనిషి చెయ్యి బిగిసిన క్షణాన చూడటం వేరు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

నిమిషం పైన అలాగే ఉంచారు. బల్లను సమంగా చేసి, తల తీరు మారకుండా, నలుగురం కలిసి ఒంటిని ఒక్కటిగా పట్టుకుని, మెల్లగా లేపి ఎడమపక్కకు వాల్చాం. ఈసారి ముక్కు బల్ల వైపు. మళ్లీ కొన్ని సెకన్లకు కన్ను కదిలింది. మొదటిసారి ఎటు ఎగిరిందో ఇప్పుడూ అటే ఎగురుతోంది. డాక్టరు గారు వేలు చూపించి నాతో చెప్పారు: "దిక్కు మారలేదు. అంటే స్ఫటికాలు వెనక్కి రాకుండా ముందుకే పోతున్నాయి." ఇంకో నిమిషం. తర్వాత కూర్చోబెట్టారు. ఆమె కాసేపు నా భుజం పట్టుకుని కూర్చుని, మంచినీళ్లడిగింది.

మర్నాడు మళ్లీ పరీక్షించారు. కన్ను కదల్లేదు. డాక్టరు గారు ఇంకోసారి చేశారు, ఇంటికి పంపారు. ఆ వారమే పెద్దమ్మ మంచం మీద వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. ఆ సంగతి అమ్మ ఫోనులో చెబుతుంటే వెనకనుంచి పెద్దమ్మ గొంతు వినబడింది: "ఆ డాక్టరు సల్లగా ఉండాల."

తర్వాత ఊళ్లో కబురు పాకింది. పడుకోలేక గోడకు ఆనుకునే వాళ్లు మా పెద్దమ్మ ఒక్కతే కాదని అప్పుడు తెలిసింది. ఒక ఆదివారం డాక్టరు గారు తన ఖర్చు మీద మా ఊరు వచ్చి, బడిలో కూర్చుని చూశారు. వచ్చినవాళ్లందరిదీ ఈ జబ్బు కాదు. కొందరికి బీపీ, కొందరికి రక్తం తక్కువ, ఒకాయనకు మెదడు పరీక్ష అవసరమని వెంటనే ఒంగోలు పంపారు. మిగిలినవాళ్లలో కొందరికి ఇదే. నులక మంచం మధ్యలో కుంగుతుంది, కోణం నిలవదు. అందుకని ఒకరింటి నుంచి చెక్క మంచం తెప్పించి, కాళ్ల వైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టాం. తల వైపు వాలు దొరికింది. ఫోను కెమెరాతో నేను కళ్లను వీడియో తీశాను. బడి గోడ మీద పిల్లలు రాసిన ఎక్కాల పక్కన మా ఊరి తాతలు, అమ్మమ్మలు ఒక పక్కకు ఒరిగి, గడియారం వైపు చూస్తున్న డాక్టరు గారి నోట "లేవండి" అనే మాట కోసం ఓపిగ్గా ఎదురుచూశారు.

ఫ్లోరైడుకూ ఈ తల తిరగడానికీ నేను సంబంధం అంటగట్టను. ఈ జబ్బు ఫ్లోరైడు లేని ఊళ్లలోనూ ఉంది. ఫ్లోరైడు చేసిన అన్యాయం ఇంకోటి. నయం చేసే దారికి అడ్డంగా బిగిసిన మెడను నిలబెట్టింది. మా వాళ్లకు తాగే నీళ్లు బాగుపడితే ముందు తరాలకు ఆ అడ్డు తొలుగుతుంది. నీళ్ల కోసం మా ప్రాంతపు ఎదురుచూపు చాలా ఏళ్లది. ఇప్పటికే బిగిసిన మెడలకు మాత్రం వైద్యం తనే వంగి రావాలి.

2016లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌కు చెందిన డొమినిక్ ఒబ్రిస్ట్, మ్యూనిక్‌కు చెందిన మైకేల్ స్ట్రుప్ తదితరులు నాళం నమూనా తయారుచేసి, సెమాంట్ పద్ధతిని దాని మీద పరీక్షించారు. తల అడ్డగీత కంటే కిందికి వాలడం, పక్కన చాలినంత సేపు ఆగడం ఎంత ముఖ్యమో అందులో తేలింది. దాని మీదనే తలను అడ్డగీతకు అరవై డిగ్రీల కిందికి వాల్చే కొత్త పద్ధతి వచ్చింది, 2021లో రోగుల మీద దాని ఫలితాలు అచ్చయ్యాయి. ఆ వ్యాసం చదువుతుంటే నాకు కాళ్ల వైపు ఇటుకలు పెట్టిన ఆ చెక్క మంచం కళ్ల ముందు మెదిలింది. వాళ్లు బెర్న్‌లో వెతికిన వాలునే మేం హెచ్ఎం పాడు బడిలో వెతికాం.

ఇవాళ ఎప్లీ భంగిమలు ఫోనులో దొరుకుతాయి. చాలామంది చూసి చేసుకుంటున్నారు, చాలామందికి తగ్గుతోంది కూడా. కానీ వంగే మెడ ఉన్నవాళ్లను పెట్టి తీసిన బొమ్మలవి. మా మండలంలో ఒక నర్సమ్మకో ఆశా కార్యకర్తకో ఆ బొమ్మలు మాత్రం నేర్పితే, మొదటి గట్టి మెడ దగ్గరే ఆమె చెయ్యి ఆగిపోతుంది, లేదా ఆగకుండా హాని చేస్తుంది. ప్రమాద లక్షణాలు ముందు చూడాలి, అనుమానముంటే డాక్టరు దగ్గరికి పంపాలి అని చెప్పాక, భంగిమ కంటే ముందు కారణం నేర్పాలి. స్ఫటికం కిందికే పోతుంది, నెమ్మదిగా పోతుంది. ఈ రెండూ మనసుకెక్కినవాళ్లు ఎదుట కూర్చున్న మనిషి ఒంటిని చూసి, ఎటు ఒరిగించాలో, ఎక్కడ దిండు పెట్టాలో, ఎంతసేపు ఆగాలో డాక్టరుతో మాట్లాడి తేల్చుకోగలరు. మా ప్రాంతంలో ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ అలాంటి మనిషి ఒకరైనా ఉండాలని అడుగుతున్నాను. దానికి కొత్త యంత్రమేదీ కొననక్కర్లేదు. కష్టమైన లెక్కలు ఎప్పుడో అయిపోయాయి. వాటి ఫలితాన్ని మా ఊరి మంచాల దాకా తేవడమే మిగిలిన పని, అది చదువుకున్న మా బోటివాళ్లు తీర్చవలసిన బాకీ.